ఆ 72,300 కట్టకండి: టాస్కుల ఉద్యోగం, యూఎస్‌డీటీ, ఫ్రీజ్ అయిన ఖాతా

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. మీ చెల్లెలు డిగ్రీ అయ్యాక రాజోలు దగ్గర మీ ఊళ్లోనే ఉంటోంది. ఇంట్లో కూర్చుని చేసే పార్ట్ టైమ్ ఉద్యోగం అంటూ ఆమెకు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. హోటళ్లకు ఐదు స్టార్లు ఇస్తే ఒక్కోదానికి 50 రూపాయలు. మూడు చేస్తే 150 వచ్చాయి. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులోకి తీసుకెళ్లారు. 1,000 కడితే 1,300 వచ్చాయి, 5,000 కడితే 6,500 వచ్చాయి. ఆ తర్వాత 12,000, 38,000 యూపీఐలో పోయాయి, 86,000 క్రిప్టోలో పోయాయి. ఇప్పుడు వాళ్ల వెబ్‌సైట్‌లో 2,41,000 బ్యాలెన్స్ కనిపిస్తోంది. అది తీసుకోవాలంటే 30 శాతం పన్ను, అంటే 72,300, యూఎస్‌డీటీ అనే క్రిప్టోలో ముందే కట్టాలంటున్నారు. ఈలోగా ఆమె బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అయింది. అందులో మీ నాన్నగారి కొబ్బరి దింపు డబ్బు కూడా ఉంది. కట్టాలా, పోలీసులకు చెప్తే పరువు పోతుందా, ఖాతా ఎప్పుడు తెరుచుకుంటుంది అని అడిగారు.

నేను 31 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. ఎక్కువ కాలం పాలకొల్లు, నరసాపురం, అమలాపురం చుట్టుపక్కల బ్రాంచీల్లోనే. పోలీసును కాదు, లాయరునూ కాదు. కానీ ఆఖరి నాలుగైదేళ్లు నా టేబుల్ మీదకు వచ్చిన కాగితాల్లో సగం ఇలాంటివే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు జవాబు: కట్టకండి. 72,300 కాదు, 72 రూపాయలు కూడా వద్దు. ఆ 2,41,000 ఎక్కడా లేవు. అది ఒక వెబ్ పేజీలో ఎవడో టైప్ చేసిన అంకె. ఆ పక్కన ఇంకో సున్నా పెట్టడానికి వాడికి ఖర్చేమీ అవదు. 72,300 కట్టగానే "సెక్యూరిటీ డిపాజిట్" అంటారు, తర్వాత "క్రెడిట్ స్కోర్ తగ్గింది, పాయింట్లు కొనండి" అంటారు, ఆ తర్వాత "తప్పు అడ్రసుకు పంపారు, మళ్లీ పంపండి" అంటారు. ఆఖరి మెట్టు అంటూ ఉండదు. మీ దగ్గర డబ్బు అయిపోయిన రోజే అది ఆఖరిది.

పన్ను మాట కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చదువుకున్నవాళ్లు పడేది ఇక్కడే. మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను నిజంగానే ఉంది, 2022 ఏప్రిల్ 1 నుంచి. అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కూడా అదే సంవత్సరం జులై 1 నుంచి మొదలైంది. ఈ వార్త అందరి చెవినా పడింది కాబట్టే వీళ్లు ఆ అంకె వాడుకుంటారు. "30 శాతం అంటే నిజమే కదా, పేపర్లో చదివాను" అని మనమే వాళ్ల తరఫున మనకు నచ్చచెప్పుకుంటాం. కానీ టీడీఎస్ అనేది వచ్చే డబ్బులోంచి మినహాయించేది. జీతంలోంచి కోస్తారు, ఎఫ్‌డీ వడ్డీలోంచి కోస్తారు. మీ ఎఫ్‌డీ వడ్డీ ఇవ్వాలంటే ముందు మీరే టీడీఎస్ తెచ్చి కౌంటర్లో కట్టండి అని ఏ బ్యాంకయినా అన్నదా? ఇక మనం స్వయంగా కట్టే పన్ను మన పాన్ నంబరు మీద, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో చలానా తీసి కడతాం. ఎవరిదో క్రిప్టో వాలెట్ అడ్రసుకు యూఎస్‌డీటీ పంపితే ఆదాయపు పన్ను కట్టినట్టు అవదు. పోనీ ఆ 2,41,000 నిజమే అనుకున్నా, వాళ్లు బాకీ ఉన్నది అది. అందులో 72,300 పట్టుకుని మిగతా 1,68,700 పంపొచ్చు కదా? ఈ ఒక్క ప్రశ్న మీ చెల్లెలితోనే ఆ "మేనేజర్"ను అడిగించండి అందామనుకున్నాను గానీ, వద్దు. వాళ్ల దగ్గర దానికీ రెడీగా జవాబు ఉంటుంది, మాటల్లో పెడితే ఇంకో గంట గడుస్తుంది. మనకు ఇప్పుడు గంటే ముఖ్యం.

ఈ సమాధానం చదవడం ఇక్కడ ఆపి ముందు 1930కి ఫోన్ చేయించండి. సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ అది. లైన్ దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ పోర్టల్‌లో ఆర్థిక మోసం విభాగంలో ఫిర్యాదు నమోదు చేయండి. చేశాక మళ్లీ ఇక్కడికి రండి.

చేశారనుకుని మిగతాది రాస్తున్నాను.

1930 చేసే పని చాలామంది అనుకున్నట్టు దొంగను పట్టుకోవడం కాదు. మీరు పంపిన డబ్బు ఏ ఖాతాకు చేరిందో ఆ బ్యాంకుకు వెంటనే సమాచారం వెళ్తుంది. అక్కడ డబ్బు ఇంకా ఉంటే దాన్ని హోల్డ్ చేస్తారు. అప్పటికే ఇంకో ఖాతాకు పోయి ఉంటే ఆ బ్యాంకుకు చెప్తారు, అక్కడినుంచి ఇంకోదానికి. మా మురుగు కాలవల్లో గుర్రపుడెక్కను తరుముకుంటూ పోయినట్టు ఉంటుంది ఆ పని. మొదటి గంటల్లో చేస్తే కొంత దొరుకుతుంది. పది రోజులయ్యాక చేస్తే దొరికేది తక్కువ, కానీ ఫిర్యాదు మాత్రం తప్పనిసరి. ఎందుకో ఖాతా సంగతి దగ్గర చెప్తాను.

ఈ హోల్డ్ భయం వల్లే వాళ్లు క్రిప్టోకు మళ్లారు. మీ చెల్లెలి విషయంలో 12,000, 38,000 యూపీఐలో తీసుకుని, పెద్ద మొత్తం దగ్గరికి వచ్చేసరికి యూఎస్‌డీటీ అన్నారు చూడండి, అది యాదృచ్ఛికం కాదు. యూఎస్‌డీటీ అంటే టెథర్ అనే కంపెనీ విడుదల చేసే క్రిప్టో. ఒకటి ఒక డాలర్‌కు దగ్గరగా ఉండేలా నడుపుతారు, కాబట్టి బిట్‌కాయిన్‌లా రోజూ ఎగిరిపడదు. దొంగకు కావలసింది అదే, విలువ నిలకడగా ఉండాలి, సరిహద్దు దాటాలి, వెనక్కి రాకూడదు. యూపీఐలో తప్పు జరిగితే మధ్యలో బ్యాంకు ఉంటుంది. వాలెట్ నుంచి వాలెట్‌కు పోయినదాన్ని రద్దు చేయడానికి మధ్యలో ఎవరూ ఉండరు.

ఇప్పుడు ఆమెతో యూఎస్‌డీటీ ఎలా కొనిపించారో చూడండి. మీరు పంపిన స్క్రీన్‌షాట్ల వివరణ బట్టి అది పీటూపీ పద్ధతి. అంటే క్రిప్టో కొని అమ్మే ఒక ఎక్స్‌ఛేంజ్ యాప్‌లో ఎవరో మనిషి దగ్గర యూఎస్‌డీటీ కొనడం. రూపాయలు యూపీఐలో ఆ అమ్మేవాడి ఖాతాకు వెళ్లాయి. అతను యూఎస్‌డీటీ ఇచ్చాడు. అది ఆమె వాలెట్‌లోకి వచ్చి, రెండు నిమిషాల్లో గ్రూపులో టాస్కులు చెప్పే "టీచర్" ఇచ్చిన అడ్రసుకు పోయింది. బ్యాంకు కళ్లతో చూస్తే ఏముంది? ఒకామె డబ్బిచ్చి సరుకు కొంది, సరుకు ముట్టింది. రూపాయలు తీసుకున్నవాడు దొంగ కాకపోవచ్చు, మామూలు వ్యాపారే కావచ్చు. అసలు దొంగ పేరు బ్యాంకు కాగితాల్లో ఎక్కడా ఉండదు. దొంగకూ మీకూ మధ్య ఒక నిజమైన కొనుగోలును అడ్డుగోడగా కట్టించారు, ఆ గోడకు ఇటుకలు మోసింది మీ చెల్లెలే.

అందుకని ఫిర్యాదులో రెండు ముక్కలూ ఉండాలి. చాలామంది ఒకటే రాసి ఊరుకుంటారు. మొదటిది రూపాయల ముక్క: ప్రతి యూపీఐ చెల్లింపుకీ తేదీ, సమయం, మొత్తం, 12 అంకెల యూటీఆర్ నంబరు, డబ్బు అందుకున్న ఐడీ. రెండోది క్రిప్టో ముక్క: ఏ ఎక్స్‌ఛేంజ్ యాప్, అందులో ఆర్డర్ నంబరు, ఏ అడ్రసుకు పంపారు, ఆ లావాదేవీ హ్యాష్, అంటే దాని గుర్తింపు కోడ్. అడ్రసు ఇంగ్లిష్ టీ అక్షరంతో మొదలై 34 అక్షరాలు ఉంటే అది ట్రాన్ నెట్‌వర్క్, యాప్‌లో టీఆర్‌సీ-20 అని చూపిస్తుంది. సున్నా, ఎక్స్‌తో మొదలైతే ఎథీరియం తరహాది. హ్యాష్ 64 అక్షరాల పొడుగు. చేత్తో రాయొద్దు, ఒక్క అక్షరం తప్పినా పనికిరాదు. యాప్‌లో విత్‌డ్రాయల్ హిస్టరీలోంచి కాపీ చేసి పెట్టండి. ఆ హ్యాష్ ఉంటే డబ్బు ఏ వాలెట్‌కు పోయింది, అక్కడినుంచి ఎక్కడికి కదిలింది అనేది బహిరంగంగా కనిపిస్తుంది. అది ఏదైనా పెద్ద ఎక్స్‌ఛేంజ్‌లోకి చేరితే పోలీసులు ఆ ఎక్స్‌ఛేంజ్‌కు రాయగలరు. టెథర్ కంపెనీకి కూడా ఒక అడ్రసును స్తంభింపజేసే వీలుంది. జరుగుతుందని మాటివ్వను. ఆ 86,000 తిరిగి వస్తుందనే ఆశ తక్కువే పెట్టుకోండి. 50,000 మీద కాస్త ఎక్కువ పెట్టుకోవచ్చు, అదీ ఎంత త్వరగా ఫోన్ చేశారన్నదాన్ని బట్టి.

మన దేశంలో క్రిప్టో ఎక్స్‌ఛేంజ్‌లు 2023 మార్చి 7 నుంచి మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందకు వచ్చాయి. ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి, కస్టమర్ల కేవైసీ ఉంచాలి. కాబట్టి ఆమె వాడిన యాప్ నమోదైనదైతే ఆ యాప్ వాళ్లకు కూడా ఈరోజే ఫిర్యాదు పెట్టండి.

ఇక సాక్ష్యం. గ్రూపులోంచి ఆవేశపడి బయటికి రావొద్దు, వాళ్లను తిట్టొద్దు, "పోలీసులకు చెప్తున్నా" అని బెదిరించొద్దు. టెలిగ్రామ్‌లో అవతలివాడు చాట్ మొత్తాన్ని మీ ఫోన్లోంచి కూడా తుడిచేయగలడు. ముందు ఇంకో ఫోన్‌తో, మొదటి మెసేజ్ నుంచి నెమ్మదిగా కిందకు జరుపుతూ వీడియో తీయించండి. పైన కనిపించే పేరు ఎవరైనా పెట్టుకుంటారు, ప్రొఫైల్ తెరిస్తే కనిపించే యూజర్‌నేమ్ రాసుకోండి. వెబ్‌సైట్ పూర్తి అడ్రసు, 2,41,000 కనిపించే పేజీ, మొదటి వాట్సాప్ నంబరు కూడా. అన్నీ తీశాక బ్లాక్ చేయొచ్చు. ప్లేస్టోర్ నుంచి కాకుండా వాళ్లు పంపిన ఫైల్‌తో ఏదైనా యాప్ వేసి ఉంటే దాన్ని తీసేసి, ఇంకో ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ మార్చండి. ఆధార్, పాన్ ఫొటోలు పంపి ఉంటే ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి, సంచార్ సాథీ పోర్టల్‌లో ఆమె పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి, ఓ నెలా రెండు నెలలయ్యాక క్రెడిట్ రిపోర్టు తీసి ఆమె తీసుకోని లోను ఏదైనా ఉందేమో చూడండి.

ఇప్పుడు మీకు అన్నిటికంటే వింతగా అనిపించిన సంగతి. "మోసపోయింది మేము, మా ఖాతా ఎందుకు ఫ్రీజ్ చేశారు?" అన్నారు. ఆమెకు మొదట్లో వచ్చిన 150, 1,300, 6,500, మొత్తం 7,950 ఎవరి డబ్బనుకుంటున్నారు? ఏ కంపెనీ జీతమూ కాదు. నిన్నటి బాధితుడి డబ్బు. రాజస్థాన్‌లోనో తమిళనాడులోనో మీ చెల్లెలి లాంటి అమ్మాయే 12,000 కట్టి ఉంటుంది, అందులోంచి ఒక ముక్క వీళ్లు ఇటు మళ్లించి మీ చెల్లెలికి నమ్మకం కొన్నారు. ఆ అమ్మాయి 1930కి ఫోన్ చేసింది. డబ్బు జాడ పట్టుకుని వస్తే మీ చెల్లెలి ఖాతా తగిలింది. అక్కడి పోలీసులకు ఈమె బాధితురాలో దొంగ మనిషో ఎలా తెలుస్తుంది? ఈమె కూడా ఫిర్యాదు చేసి ఉంటేనే తెలుస్తుంది. ఆలస్యమైనా ఫిర్యాదు తప్పనిసరి అన్నది ఇందుకే.

బ్యాంకుకు నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఏ రాష్ట్రం, ఏ పోలీస్ స్టేషన్ చెప్పినందువల్ల ఫ్రీజ్ చేశారు, ఫిర్యాదు నంబరు ఏంటి, వివాదంలో ఉన్న మొత్తం ఎంత అని అడగండి. ఈ మూడూ చెప్పమని అడిగే హక్కు మీకుంది. ఆ 6,500 మీదే వివాదమైతే అంతవరకే హోల్డ్ ఉంచి మిగతాది వదలమని కోరండి. వివాదంలో ఉన్న మొత్తానికే నిలుపుదల పరిమితం కావాలని 2023లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసుల్లో చెప్పింది. మన హైకోర్టు కాదు గానీ, ఉత్తరంలో ప్రస్తావించడానికి పనికొస్తుంది. దాంతోపాటు ఆమె ఫిర్యాదు కాపీ, దింపు డబ్బు ఎవరు వేశారో చూపించే కొబ్బరి కొట్టు చీటీ జతచేయండి. ఆ చీటీ చిన్న విషయం అనుకోకండి. ఖాతాలో ఉన్న మీ నాన్నగారి 40 వేలు మోసం డబ్బు కాదు, కాయ అమ్మిన డబ్బు అని చూపించే కాగితం అదొక్కటే. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. వేరే రాష్ట్రం స్టేషన్ నుంచి ఫోన్ వస్తే భయపడొద్దు, కానీ వాళ్లు చెప్పిన నంబరును నమ్మకుండా ఆ స్టేషన్ అధికారిక నంబరు వెతికి మీరే తిరిగి చేయండి. "డబ్బు కడితే ఫ్రీజ్ తీస్తాం" అన్నవాడు పోలీసు కాదు.

ఇంకో చేదు నిజం. అనధికార లావాదేవీల్లో కస్టమర్ బాధ్యతను పరిమితం చేస్తూ 2017లో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన నిబంధనలు ఇక్కడ పెద్దగా అక్కరకు రావు. పిన్ కొట్టి డబ్బు పంపింది ఆమే కదా. పోయినదంతా బ్యాంకు భర్తీ చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

పోలీస్ స్టేషన్ గురించి అడిగారు. పోర్టల్‌లో నమోదు చేసి ఊరుకోకుండా ఆ నంబరుతో స్టేషన్‌కు కూడా వెళ్లండి. మీరు హైదరాబాద్‌లో, ఆమె రాజోలులో, దొంగ ఎక్కడో, "మా పరిధి కాదు" అంటారేమోనని కదా మీ అనుమానం. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం ప్రకారం పరిధితో పని లేకుండా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. తెలిసిన లాయరు ఉంటే వెంట తీసుకెళ్లండి, లేకపోతే మీరే సెలవు పెట్టి రండి. ఆమెను ఒంటరిగా పంపొద్దు.

ఇక పరువు. ఇందులో పడింది మీ చెల్లెలొక్కతే కాదు. మా నరసాపురం బ్రాంచిలో జరిగింది ఒకటి చెప్తాను. మధ్యాహ్నం పన్నెండింటికి ఒకావిడ గోల్డ్ లోన్‌కు వచ్చింది. బుట్టలు, రెండు గాజులు. ఏం పని మీద అంటే పిల్లాడి ఫీజు అంది. కౌంటర్ మీద బోర్లా పెట్టిన ఫోన్ నిమిషానికోసారి గీపెడుతోంది. ప్రతిసారీ ఎత్తి చూసి మళ్లీ బోర్లించేస్తోంది. కాలేజీ వాళ్లు ఇన్ని మెసేజ్‌లు పెట్టరు కదా అనిపించి, బంగారం చూసే అప్రైజర్ టీకి వెళ్లాడమ్మా, ఓ అరగంట కూర్చోండి అన్నాను. అతను లోపలే ఉన్నాడు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "35 నిమిషాలే ఉందండి, దాటితే ఖాతా లాక్ అయిపోతుందంట" అంది. ఏ ఖాతా అని అడగలేదు. మంచినీళ్లు ఇప్పించి, ఫోన్ మధ్యలో పెట్టమని, ఇద్దరం గడియారం చూస్తూ కూర్చున్నాం. 35 అయ్యాయి, 40 అయ్యాయి. అప్పుడు మెసేజ్ వచ్చింది: మీ కోసం మా సీనియర్‌ను బతిమాలి 2 గంటలు గడువు తెచ్చాను అని. ఆవిడ అది రెండుసార్లు చదివి, బుట్టలు తిరిగి రుమాల్లో కట్టుకుంది. నేను చెప్పింది ఏమీ లేదు. గడువు దానంతటదే జరిగింది, ఆవిడే చూసింది.

అంతకు ఏడాది ముందు రొయ్యల మేత కొట్టులో పనిచేసే కుర్రాడు ఒకడు ఇలాగే 90,000 ఎఫ్‌డీ రద్దు చేయించుకుంటే, "కస్టమర్ డబ్బు, కస్టమర్ ఇష్టం" అని సంతకం పెట్టి పంపేశాను. రూల్ ప్రకారం నాది తప్పు కాదు. ఆ కుర్రాడు తర్వాత నాలుగు నెలలు బ్రాంచికి వచ్చినా నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

ఆ బుట్టలు తెచ్చినావిడ లేసు అల్లే ఇంటి మనిషి. మన నరసాపురం లేసుకు 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, తెలిసే ఉంటుంది. ఈ డెల్టాలో ఆడవాళ్లకు ఇంట్లో కూర్చుని చేసే పని కొత్త కాదు. మా అమ్మ తరం నుంచీ అరుగుల మీద కూర్చుని అల్లారు. కూలి తక్కువే, ఏజెంటు కోత వేస్తాడు, నెలల తరబడి బాకీ పెడతాడు, అవన్నీ నిజమే. కానీ దారం ఉండలు తెచ్చి ఇచ్చేది అతనే. అల్లిన ముక్క తీసుకోవాలంటే ముందు నువ్వు నాకు డబ్బు కట్టు అన్న ఏజెంటును ఎంత పాపిష్టివాడినైనా నేను చూడలేదు. పని ఇచ్చేవాడి డబ్బు ముందు కదలాలి. చేసేవాళ్ల డబ్బు ముందు కదిలితే దాన్ని ఇంకే పేరుతోనైనా పిలవండి గానీ పని అనకండి.

గ్రూపులో మిగతావాళ్లందరికీ డబ్బులు వచ్చాయి కదా, స్క్రీన్‌షాట్లు పెట్టారు కదా అని మీ చెల్లెలు అంటోందన్నారు. భీమవరం వైపు సంక్రాంతి బరుల దగ్గర గుండాట చూసే ఉంటారు. గుడ్డ మీద బొమ్మలు, డబ్బాలో పాచికలు. చుట్టూ నిలబడి "నాకొచ్చింది, నాకొచ్చింది" అని అరిచేవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆ గుడ్డవాడి మనుషులే. ఇక్కడ తేడా ఒక్కటే, గ్రూపులో 60 మంది ఉంటే మీ చెల్లెలు తప్ప అందరూ వాడి మనుషులే కావచ్చు, లేదా ఒక్కడే 20 ఫోన్లు పట్టుకుని ఉండొచ్చు. ఇలాంటి టాస్కుల్లో వచ్చే "కాంబో ఆర్డర్" కూడా అంతే. బ్యాలెన్స్‌కు మించిన ఆర్డర్ ఇచ్చి ఖాతాను మైనస్‌లోకి దింపుతారు, నింపితేనే మొత్తం బయటికి వస్తుందంటారు. ఆ ఆర్డర్ ఎప్పుడు రావాలో, ఎంత రావాలో నిర్ణయించేది యంత్రం కాదు. ఆమె దగ్గర ఇంకా ఎంత ఉందో చాట్‌లో తెలివిగా కనుక్కున్న మనిషి.

ఆ మనిషి కూడా, చెప్పాలంటే, ఒక్కోసారి మనవాడే. 2024 మేలో కంబోడియాకు ఉద్యోగాలని చెప్పి కుర్రాళ్లను పంపిన ఏజెంట్లను విశాఖపట్నం పోలీసులు పట్టుకున్నారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని ఇలాంటి మోసాలే చేయించారు. గల్ఫ్ ఏజెంట్ల సంగతి తెలిసిన కోనసీమకు ఇది వివరించక్కర్లేదు. అందుకని మీ ఊళ్లో ఎవరైనా "థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, టైపింగ్ వస్తే చాలు" అంటే కాస్త ఆగమని చెప్పండి. అలాగే "మీ ఖాతా మాకు ఇవ్వండి, నెలకు 10 వేలు" అనేది కూడా పార్ట్ టైమ్ ఉద్యోగం పేరుతోనే వస్తుంది. మా కస్టమర్లలో ఒక కాలేజీ కుర్రాడు ఏటీఎం కార్డు, సిమ్ ఇలా ఇచ్చేసి, వేరే రాష్ట్రం పోలీసులు వచ్చేదాకా తను ఏం చేశాడో తెలుసుకోలేదు. డబ్బు పోగొట్టుకున్నవాడు బాధితుడు, ఖాతా అద్దెకిచ్చినవాడు కేసులో ముద్దాయి. టాస్కుల్లో పోయిన డబ్బు "ఇలా సంపాదించుకోండి" అని మీ చెల్లెలికి కూడా ఈ పని చూపించే అవకాశం ఉంది. ఫోన్ ఒకసారి చూడండి.

అలాగే ఇంకో వారంలో ఎవరో ఒకరు తగులుతారు: "పోయిన క్రిప్టో రికవరీ చేస్తాం, ముందు ఫీజు." హ్యాకర్ అంటాడు, లాయర్ అంటాడు, సైబర్ సెల్ అని కూడా అంటాడు. అదే ముఠా కావచ్చు, బాధితుల నంబర్లు కొనుక్కున్న ఇంకో ముఠా కావచ్చు.

ఇంట్లో సంగతి మీకు చెప్పేంతవాణ్ని కాదు గానీ ఒక మాట. ఆమె ఇంకా ఏదో దాస్తోందని మీకు అనుమానం ఉందన్నారు. ఉండొచ్చు. లోన్ యాప్‌లోనో, స్నేహితురాలి దగ్గరో తీసుకుని ఉండొచ్చు. "ఎంత పోగొట్టావ్" అని అడిగితే చెప్పదు. "ఇంకా ఎవరికి ఇవ్వాలి" అని అడగండి, చెప్తుంది. రెండు మూడు రోజులు రాత్రిపూట ఒంటరిగా వదలొద్దు. తిండి మానేసి, మాట మానేస్తే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వమే నడిపే ఉచిత కౌన్సెలింగ్ అది, తెలుగులో మాట్లాడతారు. నాన్నగారికి చెప్పాలా అని అడిగారు. ఖాతాలో ఉన్నది ఆయన దింపు డబ్బు, ఎలాగూ రేపో ఎల్లుండో బ్యాంకుకు వెళ్తారు. కౌంటర్ దగ్గర నలుగురిలో తెలిసేకంటే మీ నోటితో ఇంట్లో తెలియడం నయం. మీరే శనివారం బస్సెక్కి వచ్చి చెప్పండి, ఆమె చేత చెప్పించకండి.

ఫిర్యాదు నంబరు వచ్చాక దాన్ని ఇక్కడ పెట్టొద్దు, ఎవరికీ పంపొద్దు. బ్యాంకు ఇచ్చిన జవాబులో ఫ్రీజ్ మొత్తం ఖాతాకా, 6,500కేనా అన్నది మాత్రం రాయండి. దాన్ని బట్టి రెండో ఉత్తరం ఎలా రాయాలో చెప్తాను.